కథ కోసం రహస్య సంఘం కట్టడం ఎలా: ముసుగులు తర్వాత, ముందు తపాలా సంగతి చూడండి

19వ శతాబ్దపు యూరప్‌లో రహస్య సంఘం అనగానే అందరం ఒకే చోట మొదలుపెడతాం. నేలమాళిగ, కొవ్వొత్తులు, నల్ల ముసుగులు, కత్తి మీద చెయ్యేసి ప్రమాణం. నేనూ అంతే. నలభై పేజీలు రాశాక చూసుకుంటే అందరూ ప్రమాణాలు చేసేశారు గానీ, ఆ తర్వాత ఒక్కడికీ చెయ్యడానికి పని లేదు. దానికి తోడు 1821లో నేపుల్స్ నుంచి పారిస్‌కి టెలిగ్రాం కూడా కొట్టించాను. చదివిన స్నేహితుడు ఒకటే అడిగాడు, "ఆ కబురు నిజంగా చేరాలంటే ఎన్ని రోజులు పట్టేది?" అని.

నా కథ ఆ ప్రశ్న దగ్గరే దొరికింది. కబురు బయల్దేరిన రోజుకీ చేరిన రోజుకీ మధ్య ఉండే ఖాళీ ఉంది చూశారా, కుట్ర అంతా అందులోనే నడుస్తుంది. పంపినవాడికి తెలిసింది అందుకోవాల్సినవాడికి ఇంకా తెలియదు, మధ్యలో ఉత్తరం విప్పి చదివిన పోలీసుకి మాత్రం తెలిసిపోయింది. ముసుగులు లేకపోయినా ఈ ముగ్గురితో కథ నడిచిపోతుంది. ఈ ముగ్గురు లేకుండా ముసుగులు ఎన్ని వేసినా నడవదు.

కాబట్టి మొదట సంవత్సరం ఖాయం చేసుకోండి. 19వ శతాబ్దం అంటే వందేళ్ళు, అన్నీ ఒక్కలా ఉండవు. 1820లో గుర్రం ఎంత వేగంగా పోతే కబురూ అంతే వేగంగా పోతుంది, 1860కి రైళ్ళు, ఎలక్ట్రిక్ టెలిగ్రాఫ్ వచ్చేశాయి, 1880కి డైనమైటూ వచ్చేసింది. మధ్యలో ఫ్రాన్స్‌లో ఇంకో విడ్డూరం ఉండేది, కొండల మీదా గోపురాల మీదా చేతులూపే స్తంభాలు పెట్టి వరసగా సైగలు అందించుకునే టెలిగ్రాఫ్. అది ప్రభుత్వ కబుర్లకు మాత్రమే. కానీ బోర్డోలో బ్లాంక్ సోదరులని ఇద్దరు వ్యాపారులు 1834 నుంచి 1836 దాకా, తూర్ ఊళ్ళో ఒక ఆపరేటర్‌కి లంచమిచ్చి, సర్కారు కబుర్ల మధ్యలో తమ సైగలు దూర్పించి, పారిస్ మార్కెట్ ధరలు అందరికంటే ముందు తెలుసుకుని డబ్బు చేసుకున్నారు. వాళ్ళకి జెండా లేదు, ప్రమాణం లేదు, విప్లవం అసలే లేదు, అయినా ఇంత శుభ్రంగా నడిచిన కుట్ర నేను ఇంకోటి చదవలేదు.

ఇక్కడ చూపించడానికి నేను 1843 తీసుకుంటున్నాను. ఊళ్ళు మూడు: లండన్, జెనీవా, మిలాన్. మిలాన్ అప్పుడు ఆస్ట్రియా చేతిలో ఉంది. లండన్ నిండా దేశం వదిలి వచ్చినవాళ్ళే, బ్రిటన్ రాజకీయ శరణార్థుల్ని వెళ్ళగొట్టేది కాదు. జెనీవా ఆ రెండింటి మధ్యలో, కొండకి ఇవతల. జెనీవా నుంచి మిలాన్‌కి ఆల్ప్స్ మీదుగా సింప్లాన్ రోడ్డు ఉంది, నెపోలియన్ వేయించింది. వేసవిలో బండి పోతుంది. శీతాకాలంలో ఎప్పుడు పోతుందో మంచు దయ. ఆ మంచుని మీరు కథలో ఒక్కసారైనా వాడుకోవాలి.

తర్వాత పని. "నిరంకుశత్వాన్ని కూల్చడం" అనేది పని కాదు, అది నినాదం. సంఘానికి చేతితో పట్టుకోగలిగే పని ఒకటి ఇవ్వండి. ఇటలీ విప్లవకారుడు మాజినీ 1831లో మార్సెయ్‌లో యువ ఇటలీ సంఘం పెట్టాక రోజూ పడ్డ తిప్పలేమిటంటే, అచ్చేసిన కరపత్రాలు ఇటలీ రేవుల్లోకి ఎలా చేర్చడం అని. తారు పీపాల్లో, ప్యూమిస్ రాళ్ళ పీపాల్లో దాచి ఓడలెక్కించేవారు. తారు పీపా అడుగున స్వాతంత్ర్యం గురించిన కాగితాలు! దాన్ని తెరిచేవాడి చేతులు ఎలా ఉంటాయో, ఆ చేతులతో ఇంటికెళితే భార్య ఏమని అడుగుతుందో ఆలోచించండి, ఒక అధ్యాయం దానంతటదే వస్తుంది.

ఇక పైకి కనిపించే వేషం. ఇటలీలో కార్బొనారీలు అనే రహస్య సంఘంవాళ్ళు బొగ్గు కాల్చేవాళ్ళ భాష తీసుకున్నారు, పేరుకి అర్థమే అది. వాళ్ళ శాఖని "అమ్మకం" అనేవారు, కలిసే చోటు "గుడిసె", సభ్యులు "మంచి బంధువులు", అడవిలో తోడేళ్ళని తరమాలి అంటే ఎవరిని తరమాలో అర్థమైపోయేది. దాని తెలివి ఎక్కడుందంటే, ఆ మాటలు సంతలో నిలబడి గట్టిగా అనుకున్నా ఎవడూ తల తిప్పి చూడడు. మీరు లాటిన్‌లో గంభీరమైన పేరు పెట్టారనుకోండి, బజార్లో ఒక్కసారి అంటే చాలు, పక్కవాడు చెవులు నిక్కిస్తాడు. గోడలకే చెవులున్న కాలం అది.

నా సంఘం వాచీలు బాగుచేసేవాళ్ళది. ఎందుకంటే ఇంగ్లండ్‌లో పాత రకం జేబు వాచీలకి రెండు పెట్టెలు ఉండేవి, లోపలిదొకటి, దాన్ని తొడుక్కునే పై పెట్టె ఒకటి. ఆ రెంటి మధ్య కదలకుండా గుండ్రటి కాగితం ఒకటి పెట్టేవారు, దాని మీద దుకాణం పేరు అచ్చేసి ఉండేది, వెనకవైపు బాగుచేసిన తేదీ, ఏం చేశారో రాసేవారు. 1843 నాటికి ఈ రకం పాతబడింది, అదింకా మంచిది, పాత వాచీయే కదా మాటిమాటికీ రిపేరుకొచ్చేది. ఇప్పుడు సరిహద్దు చౌకీలో సిపాయి వాచీ తెరిచాడనుకోండి. కాగితం చూశాడు. "స్ప్రింగు మార్చాం, రోజుకి నాలుగు నిమిషాలు వెనకబడుతోంది, నెల చివర మళ్ళీ చూపించాలి." ఇందులో అనుమానించడానికి ఏముంది? చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, నడుస్తోంది, ఇచ్చేశాడు. నాలుగు నిమిషాలంటే నాలుగు పీపాల కరపత్రాలు, వెనకబడటం అంటే మంచు వల్ల ఆగిపోయాయి, నెల చివర అంటే నెల చివరే. అయితే చదివేవాళ్ళకి ఈ సంకేతం ముందే చెప్పేయకండి. మొదటిసారి కాగితం మామూలు కాగితంలాగే వెళ్ళిపోవాలి, రెండోసారి అదే మాట వచ్చినప్పుడు వాళ్ళే వెనక్కి తిరగేసి చూసుకోవాలి.

సంఘం లోపలి కట్టుబాటు గురించి ఎక్కువ చెప్పను, కాకపోతే పారిస్‌లో బ్లాంకీ అనే విప్లవకారుడి మనుషులు చేసింది ఒకటి మాత్రం తెలుసుకోండి. 1830ల చివర్లో వాళ్ళ సంఘం పేరే "రుతువులు". కొద్దిమంది కలిస్తే ఒక వారం, ఆ గుంపు పెద్ద పేరు ఆదివారం. నాలుగు వారాలు ఒక నెల, దాని పెద్ద జులై. మూడు నెలలు ఒక రుతువు, దాని పెద్ద వసంతం. వారంలో ఉన్నవాడికి తన ఆదివారం తప్ప పైన ఎవరున్నారో తెలియదు. అందమైన ఏర్పాటే. కానీ 1839 మే 12న నిజంగా వీధుల్లోకి దిగినప్పుడు, వచ్చినవాళ్ళలో చాలామందికి ఇది అసలు తిరుగుబాటో, ఎప్పటిలాగే ఎంతమంది వస్తారో లెక్క చూసుకోవడానికి పిలిచారో తెలియదు. ఊళ్ళో జనానికైతే వీళ్ళెవరో కూడా తెలియదు. ఎవరూ కలిసి రాలేదు, రెండు రోజుల్లో అణిచేశారు. రహస్యం మరీ బాగా దాచుకుంటే, అవసరమొచ్చిన రోజున సొంతవాళ్ళకి కూడా తెలియకుండా పోతుంది. మీ సంఘం ఎంత కట్టుదిట్టంగా ఉంటే దాని పతనానికి అంత మంచి కారణం మీ చేతిలో ఉన్నట్టు.

ఇంకో పద్ధతి బువొనరోతీ అనే ఇటలీ విప్లవకారుడిది. జెనీవాలో సంగీతం పాఠాలు చెప్పుకుంటూ బతికిన మనిషి, పక్కన పెద్ద రహస్య సంఘం నడిపాడు. దాంట్లో మెట్లున్నాయి, కింది మెట్టువాడికి సంఘం ఆశయం ఒకటి చెబుతారు, పైకెక్కితే ఇంకొకటి, కొసకెళితే ఆస్తి అంతా అందరిదీ కావాలన్నది తెలుస్తుంది. అంటే కింద ఉన్నవాడు తనకి తెలియని ఆశయం కోసం ప్రాణమిస్తున్నాడు. పియానో ముందు కూర్చుని పిల్లలకి స్వరాలు దిద్దే ముసలాయన వల్ల ఎక్కడో ఒక కుర్రాడు జైల్లో పడ్డాడు, ఎందుకు పడ్డాడో కూడా పూర్తిగా తెలియకుండా. ఈ మనిషిని మీరు మంచివాడిగా రాస్తారా చెడ్డవాడిగా రాస్తారా అన్నది మీ ఇష్టం, నేనైతే తేల్చకుండా వదిలేస్తాను.

ఇప్పుడు అసలైన ప్రశ్న, చిట్టచివర పైన ఎవరుండాలి? చాలామంది ఇక్కడే పాడుచేసుకుంటారు. ఒక మహా మేధావిని, ప్రపంచాన్నంతా గుప్పిట్లో పెట్టుకున్నవాణ్ణి కూర్చోబెడతారు. వద్దు. పైన ఎవరూ లేకపోవడం అన్నిటికంటే బాగుంటుంది, ఇది నా తెలివి కాదు, నిజంగా జరిగింది. 1814లో ఒడెస్సాలో స్కూఫాస్, క్సాంథోస్, త్సకాలోవ్ అనే ముగ్గురు గ్రీకులు, తుర్కుల పాలన నుంచి గ్రీసుని విడిపించడానికి ఫిలికీ ఎటేరియా అనే రహస్య సంఘం పెట్టారు. రాజులు కారు, సేనాపతులు కారు, వ్యాపార కుటుంబాల మనుషులు. చేరేవాళ్ళకి చెప్పిందేమిటంటే, పైన ఒక "అదృశ్య అధికారం" ఉంది, అది ఎవరో అడక్కూడదు. అడక్కూడదంటే మనిషి ఊహించుకుంటాడు కదా. రష్యా చక్రవర్తే అయ్యుంటాడని అందరూ అనుకున్నారు, కాదని వీళ్ళు చెప్పలేదు. ఆ పైన కుర్చీ ఖాళీ. ఆ ఖాళీ కుర్చీకి భయపడి, దాన్ని నమ్ముకుని జనం చేరారు.

అబద్ధం పెద్దదయ్యేసరికి ఆ కుర్చీలో నిజంగా ఎవరినో ఒకరిని కూర్చోబెట్టక తప్పలేదు. చక్రవర్తి దగ్గర విదేశాంగం చూస్తున్న కపోదిస్త్రియాస్‌ని అడిగారు, ఆయన కాదన్నాడు. 1820లో రష్యా సైన్యంలో పనిచేసిన అలెగ్జాండర్ ఇప్సిలాంతిస్ ఒప్పుకున్నాడు. 1821లో రష్యా సరిహద్దులో ఉన్న ప్రూత్ నది దాటి తిరుగుబాటు మొదలుపెట్టి, ఒక మహాశక్తి మా వెనక ఉందని ప్రకటించాడు. చక్రవర్తి నాకేం సంబంధం లేదు పొమ్మన్నాడు. ఆ దండు చెదిరిపోయింది, కానీ గ్రీసులో అంటుకున్న నిప్పు ఆరలేదు, దేశం చివరికి స్వతంత్రమైంది. మీ కథలో ఇలాంటి ఒక్క దృశ్యం ఉండాలి. మెట్లన్నీ ఎక్కి చిట్టచివరి గదికి వచ్చినవాడికి, "ఇక్కడ ఎవరూ లేరు, ఇప్పుడు నువ్వున్నావు, తలుపు వేసెయ్" అని చెప్పే దృశ్యం.

తమాషా ఏమిటంటే అవతలివైపు కూడా ఇదే పిచ్చి. యూరప్‌లో ఎక్కడ అల్లరి జరిగినా పారిస్‌లో కూర్చున్న ఒక కమిటీయే ఆడిస్తోందని ఆస్ట్రియా ప్రభుత్వాన్ని నడిపిన మెటర్నిక్ గట్టిగా నమ్మేవాడు. అలాంటి కమిటీ లేదు. అంటే అన్నిటి వెనకా ఒకే సంఘం ఉందన్న ఆలోచన ఎక్కువగా పోలీసుల బుర్రలో పుట్టింది, తర్వాత్తర్వాత అది ఫ్రీమేసన్ల మీదికీ యూదుల మీదికీ మళ్ళి నిజమైన మనుషుల ప్రాణాల మీదికి వచ్చింది. అందుకే మీ సంఘాన్ని చిన్నదిగా, ఎప్పుడూ చేతిలో డబ్బు లేనిదిగా ఉంచండి. అది పెద్దదని పోలీసు నమ్మనివ్వండి.

ఇక తపాలా. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, కాస్త నిదానంగా చెబుతాను.

మాజినీ 1837 నుంచి లండన్‌లో ఉన్నాడు. 1844లో తన ఉత్తరాలు ఎవరో విప్పుతున్నారని అనుమానం వచ్చింది. ఏం చేశాడంటే, కవర్లలో గసగసాలు, ఇసుక రేణువులు, తల వెంట్రుకలు పెట్టించాడు. ఉత్తరం చేరాక చూస్తే అవి లేవు. విప్పినవాడు సీలు ఎంత బాగా అతికించినా, కింద రాలిన గసగసాల్ని ఏరి మళ్ళీ లోపల పెట్టడుగా! 1844 జూన్‌లో డన్‌కూంబ్ అనే ఎంపీ ఈ ఫిర్యాదుని పార్లమెంటులో పెట్టాడు, హోం మంత్రి గ్రాహమ్ వారంట్ ఇచ్చిన మాట బయటపడింది, దేశమంతా ఛీ అంది. అదే వేసవిలో ఇటలీ దక్షిణాన తిరుగుబాటుకి దిగిన బాందియేరా సోదరుల్ని కోసెన్జా దగ్గర కాల్చి చంపారు. మన తపాలాలో విప్పిన మాజినీ ఉత్తరాల్లోంచే కబురు వెళ్ళిందా అన్న అనుమానం లండన్‌ని వదల్లేదు. చివరికి తపాలా శాఖలో ఉత్తరాలు విప్పే రహస్య విభాగాన్నే ఎత్తేశారు.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. మీ పాత్ర సీలు మీద గుర్తు పెడితే పోలీసు సీలుకి నకలు చేయిస్తాడు, గసగసాలు పెడితే రెండోసారి పోలీసూ గసగసాల పొట్లం తెచ్చుకుంటాడు. అప్పుడు మీవాడు లెక్కపెట్టి పదకొండు గింజలే పెట్టాలి. ఉత్తరం చేరింది, విప్పితే పధ్నాలుగు ఉన్నాయి. ఈ ఒక్క ముక్క చాలు చదివేవాడికి టెన్షన్ పుట్టడానికి, కత్తులూ తుపాకులూ అక్కర్లేదు.

చిన్న సంగతి ఇంకోటి. బ్రిటన్‌లో 1840లో స్టాంపులు వచ్చేదాకా తపాలా ఖర్చు మామూలుగా ఉత్తరం అందుకున్నవాడే కట్టేవాడు. కాబట్టి చిరునామా రాసే తీరులోనే కబురు పెట్టేస్తే, అవతలివాడు పైన చూసి "నాకొద్దు" అని వెనక్కి పంపేస్తాడు, పైసా ఖర్చు లేదు. పన్ను ముద్ర పడిన వార్తాపత్రికలు ఉచితంగా పోయేవి, అందులో అక్షరాల కింద సూదితో పొడిచి కబుర్లు పంపేవారు, కుట్రదారులే కాదు మామూలు జనం కూడా డబ్బు మిగుల్చుకోవడానికి. దీపం ముందు పేపరు పట్టుకుంటే చుక్కలు వెలిగే దృశ్యం రాసుకోండి, మీ కథ 1840కి ముందుదైతే.

ఇన్ఫార్మర్ లేకుండా ఈ కథ ఉండదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు అంటారు కదా, 19వ శతాబ్దపు సంఘాల చరిత్ర సగం ఇదే. లండన్‌లో 1820 ఫిబ్రవరి 23న కేటో వీధి మనుషులు మంత్రివర్గాన్ని మొత్తం విందులో చంపాలని చేరారు. ఆ విందు ప్రకటన పేపర్లో వేయించింది ప్రభుత్వమే, అసలు విందే లేదు, ఆ ప్రకటన చూపించి ఎగదోసిన ఎడ్వర్డ్స్ పోలీసు మనిషి. ఐదుగురికి ఉరి పడింది. ఇది చదివాక "కుట్ర ఎవరిది?" అనే ప్రశ్నకి జవాబు అంత సులువుగా చెప్పలేం.

పారిస్ కథ ఇంకా దగ్గరగా చూడాల్సింది. లూసియాన్ ద లా ఓద్ ఏళ్ళ తరబడి రహస్య సంఘాల్లో అందరికీ ప్రాణమిత్రుడు. 1848 ఫిబ్రవరిలో విప్లవం గెలిచింది, వాళ్ళలో ఒకడైన కోసిదియేర్ పోలీసు అధిపతి అయ్యాడు. అయ్యాక బీరువాలు తెరిచాడు. లోపల కట్టలు కట్టలుగా రిపోర్టులు, కింద "పియెర్" అని సంతకం, చేతిరాత చూస్తే మిత్రుడిది. మార్చిలో లుక్సెంబూర్ భవనంలో ఒక గదికి పాత మిత్రులందరినీ పిలిచారు, అతన్నీ పిలిచారు, రిపోర్టులు ముందు పెట్టారు. పిస్తోలు, విషం చూపించి నువ్వే తేల్చుకో అన్నారు. అతను ఒప్పుకోలేదు. జైల్లో పెట్టారు, తర్వాత బయటికొచ్చి 1850లో రహస్య సంఘాల చరిత్ర అని పుస్తకం కూడా రాశాడు! మీ ఇన్ఫార్మర్‌ని రాసేటప్పుడు చెమటలు పట్టించి, కళ్ళు తిప్పించి ముందే పట్టించేయకండి. అతను అందరికంటే ఎక్కువ పని చేసేవాడై ఉండాలి, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే రాత్రంతా కూర్చునేవాడు కావాలి. ఆ సేవ అబద్ధం కూడా కాకూడదు.

ఆడవాళ్ళని కేవలం చేరవేతకే వాడకండి. కార్బొనారీలకి పక్కన "తోటమాలినులు" అనే స్త్రీల శాఖలు ఉండేవి. 1881లో పీటర్స్‌బర్గ్‌లో జార్ మీద దాడికి చేతిరుమాలుతో సైగ చేసి నడిపించింది సోఫియా పెరోవ్‌స్కయా.

తప్పుల్లో పడేసే చిన్నవి రెండు. రష్యా క్యాలెండర్ ఆ శతాబ్దమంతా పశ్చిమ యూరప్ కంటే 12 రోజులు వెనక ఉండేది, డిసెంబర్ 14 అని పీటర్స్‌బర్గ్‌లో రాసింది పారిస్‌లో 26. రెండు ఊళ్ళలో ఒకే రోజు పని మొదలుపెట్టాలనుకున్న సంఘం ఇక్కడ బోర్లాపడితే ఎవరూ తప్పుపట్టరు. డబ్బు సంగతైతే, పౌనుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు, పౌను అంటే దాదాపు 25 ఫ్రాంకులు. స్విట్జర్లాండ్‌లో 1850 దాకా ఏ కాంటన్ (అంటే అక్కడి రాష్ట్రం) నాణెం దానిదే, కాబట్టి ఏ నాణెంతో చెల్లించాడన్నది కూడా మనిషి ఎక్కణ్ణుంచి వచ్చాడో పట్టిచ్చేస్తుంది.

రాయడానికి కూర్చునే ముందు ఒక పని చేయండి. పాత్రకొక కాగితం తీసుకుని తేదీల వారీగా, ఆ రోజుకి అతనికి ఏం తెలుసు, ఏం తెలుసనుకుంటున్నాడు అని రెండు వరసలు రాయండి. జరిగిందేమిటో రాయకండి, అది మీకెలాగూ తెలుసు. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టినప్పుడు ఎక్కడ పొంతన కుదరదో అక్కడ దృశ్యం రాయండి. కుదిరినచోట రాయాల్సింది ఏమీ ఉండదు, ఒక్క వాక్యంలో దాటేయండి.

ఇక ఆ రోజు, అంటే అన్నిటికీ ముహూర్తం పెట్టుకున్న రోజు వచ్చినప్పుడు, పెద్ద పోరాటం కంటే ఎవరో ఒకరు రాకపోవడం బాగుంటుంది. 1825 డిసెంబర్‌లో పీటర్స్‌బర్గ్ సెనేట్ చౌకులో కొత్త జార్ మీద తిరగబడ్డ సుమారు 3,000 మంది సైనికులు గడ్డకట్టే చలిలో నిలబడి నాయకుడి కోసం చూశారు. నాయకుడిగా ఎన్నుకున్న త్రుబెత్స్కోయ్ ఆ చుట్టుపక్కలే తచ్చాడి చౌకులోకి మాత్రం రాలేదు, చివరికి ఆస్ట్రియా రాయబారి ఇంట్లో తలదాచుకున్నాడు. ఆ రాయబారి ఆయనకు తోడల్లుడు. చీకటి పడుతుండగా ఫిరంగులు పేలాయి.

నా 1843 కథలో రానివాడు జెనీవా మనిషి. సింప్లాన్ మీద మంచు కరిగింది, పీపాలు దిగాయి, మిలాన్ దుకాణంలో ఇద్దరు కూర్చుని చూస్తున్నారు, మనిషికి బదులు వాచీ వచ్చింది. పై పెట్టె తీస్తే కాగితం ఉంది, "బాగా నడుస్తోంది, ఇక చూపించక్కర్లేదు" అని, చేతిరాత అతనిదే. కానీ తేదీ చూస్తే ఇంకా మూడు రోజుల తర్వాతది.